స్వరాల పెట్టె – తొమ్మిదో భాగం: ఒకటిన్నర వోల్టు

పోయిన వారం మనం మీటరాయన్ని బల్ల ముందు వదిలేశాం. చేతిలో మీటరు, మీటరు మీద ఒకటిన్నర అంకె, మొహం మీద చెమట. ఆ అంకెలో అంత భయపడాల్సిందేముందని చాలామంది అడిగారు. ఈ వారం అదే చెప్తాను. కాస్త ఓపిక పట్టండి, కరెంటు సంగతి కొంచెం వస్తుంది, నాకు అర్థమైనంత మీకూ అర్థమవుతుంది.

ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి నాలుగు మాటలు. మీటరాయన అంటే పాతకాలం ఎలక్ట్రానిక్ సంగీత యంత్రాలు బాగుచేసే మనిషి. ఎక్కడికెళ్ళినా జేబులో కరెంటు కొలిచే మీటరు ఉంటుంది కాబట్టి ఆ పేరు. లాండ్రీ పైన ఒక గది. అందులోనే పని, అందులోనే పడక. కిటికీ తీస్తే ఎదురుగా గోడ. పెళ్ళి చేసుకోలేదు. ఒక కప్పు, ఒక కంచం, రెండు కుర్చీలు. రెండో కుర్చీ ఎవరికోసమో పాతవాళ్ళకి తెలుసు. ప్రతి మంగళవారం చూడ్డానికొచ్చే మాస్టారి కూతురి కోసం.

మాస్టారు ట్యూన్లు కట్టేవాడు. పద్దెనిమిదేళ్ళ కిందట ఒంట్లో బాగాలేక ఇంట్లో ఉండి, తన స్వరాల పెట్టెని స్టూడియోకి పంపించాడు. ఆ పెట్టె మీద పదహారు నాబ్‌లుంటాయి, ఒక్కోటి ఒక్కో స్వరానికి. పెట్టె తనంతట తాను మోగదు. ఒక్కో నాబ్‌ని ఎంతవరకు తిప్పి ఉంచితే అంత వోల్టేజి పక్కనున్న యంత్రానికి పంపుతుంది, ఆ యంత్రం దాన్ని స్వరంగా మారుస్తుంది. ఆ రోజు స్టూడియోలో పదిమంది ముందు పెట్టెని తగిలిస్తే, ట్యూన్ అపశ్రుతిగా మోగింది. మాస్టారి చెవి పోయిందన్నారు. మాస్టారు మళ్ళీ ఏ యంత్రాన్నీ ముట్టుకోలేదు. పదకొండేళ్ళు అలాగే బతికి పోయాడు.

పోయిన వారం కూతురు ఆ పెట్టె తెచ్చింది. నాన్న చివరి ట్యూన్ ఒక్కసారి వినాలంది. మీటరాయన తన గదిలోని యంత్రానికి తగిలించి వినిపించాడు. అదే అపశ్రుతి. ఆమె పదహారు స్వరాలూ విని, "అయితే వాళ్ళన్నది నిజమేనన్నమాట. నాబ్‌లన్నీ సున్నాకి తిప్పేయండి బాబాయ్, వచ్చే మంగళవారం తీసుకెళ్ళి సంగీతం బడికి ఇచ్చేస్తాను," అని వెళ్ళిపోయింది. తిప్పేసే ముందు, ఎందుకైనా మంచిదని, మీటరాయన ఒక్కో నాబ్ దగ్గర వోల్టేజి కొలవడం మొదలుపెట్టాడు.

ఇక ఈ వారం కథ.

*

మొదటి నాబ్ ఒకటి. రెండోది ఒకటింపావు. మూడోది ఒకటిన్నర. నాలుగోది ఒకటీ అరవై ఆరు. ఐదోది మళ్ళీ ఒకటిన్నర. ఆరోది నిండా రెండు.

మీటరాయన పెన్సిలు పట్టుకుని పాత బిల్లు వెనక రాసుకుంటూ పోయాడు. పదహారూ అయ్యేసరికి ఆయన చెయ్యి నెమ్మదించింది. ఎక్కడ చూసినా పావు, సగం, మూడింట రెండు వంతులు. వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు. ఆ నాబ్‌లకి గుర్తులుండవు, అంకెలుండవు. చేత్తో తిప్పుతూ, చెవితో వింటూ, ఇక్కడా అనిపించిన చోట ఆపడమే. చెవి పోయినవాడు గుడ్డిగా తిప్పితే ఒకటీ నలభై మూడు వస్తుంది, ఒకటీ యాభై ఆరు వస్తుంది. ఒక్కసారి ఒకటిన్నర వచ్చిందంటే అదృష్టం అనుకోవచ్చు. ఐదుసార్లు ఒకటిన్నర వచ్చిందంటే అది చెవి.

"నువ్వు తప్పు కాదు," అన్నాడు పెట్టెతో. ఆయన యంత్రాలతో మాట్లాడతాడు. మాట్లాడ్డానికి ఇంకెవరున్నారు గనక. "మరి తప్పెవరిది?"

పెట్టెతో పాటు కూతురు ఒక చిన్న కీబోర్డు కూడా తెచ్చింది. అటక మీద దొరికిందట, పనికొస్తే విడిభాగాలకి వాడుకోమంది. మీటరాయన ఆ వారమంతా దాని వైపు చూడలేదు. ఇప్పుడు దుమ్ము తుడిచి, కరెంటిచ్చి, కింది సా నొక్కి మీటరు పెట్టాడు. ఒకటి. దాని పై సా నొక్కాడు. రెండు. ఆ పై సా నొక్కాడు.

నాలుగు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

సంగతేమిటంటే, ఆ రోజుల్లో యంత్రాలు చేసేవాళ్ళు ఒక మాట మీద లేరు. ఎక్కువమంది ఒక పద్ధతి పట్టుకున్నారు: ఒక సా నుంచి పై సాకి వెళ్ళాలంటే ఒక వోల్టు కలపాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మెట్లన్నీ ఒకే ఎత్తు. కొద్దిమంది ఇంకో పద్ధతి పట్టుకున్నారు: పై సాకి వెళ్ళాలంటే ఉన్న వోల్టేజిని రెండింతలు చెయ్యాలి. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. పైకి పోయేకొద్దీ మెట్టు ఎత్తు పెరుగుతుంది. ఈ రకం యంత్రం కోసం శ్రుతి చేసిన పెట్టెని ఆ రకం యంత్రానికి తగిలిస్తే వైరు చక్కగా పడుతుంది, లైట్లు వెలుగుతాయి, శబ్దం వస్తుంది. స్వరమే రాదు.

పోనీ మొత్తం చెడిపోయినా బాగుండేది. మొత్తం చెడితే వైరు మీద అనుమానపడతారు, పెట్టె మీద అనుమానపడతారు. ఇక్కడ వచ్చిన చిక్కంతా ఒకటికీ రెండుకీ మధ్యనే ఉంది. ఒక వోల్టంటే రెండు పద్ధతుల్లోనూ సానే. రెండు వోల్టులంటే రెండు పద్ధతుల్లోనూ పై సానే. మాస్టారి ట్యూన్ ఆ రెండింటి మధ్యే తిరుగుతుంది. కొసలు రెండూ సరిగ్గా పలుకుతాయి, మధ్యలో స్వరాలన్నీ కొంచెం దిగి పలుకుతాయి. చిన్న కీబోర్డులో పంచమానికి కావాల్సింది సరిగ్గా ఒకటిన్నర. స్టూడియోలోనూ మీటరాయన గదిలోనూ ఉన్న రకానికి ఒకటీ యాభై ఎనిమిది కావాలి. ఒకటిన్నరే ఇస్తే పంచమం ఒక మెట్టు కిందికి జారుతుంది. గాంధారమూ అంతే, ధైవతమూ దాదాపు అంతే. వింటే ఎలా ఉంటుందంటే, సా పట్టుకోగలిగి మిగతావన్నీ జారవిడుస్తున్న ముసలాయన పాడినట్టే ఉంటుంది.

ఈ సంగతి మీటరాయనకి పద్దెనిమిదేళ్ళ కిందట తెలియదా అంటే, తెలుసు. ఆ స్టూడియోలో ఇంకెవరికీ తెలియకపోయినా ఆయనకి తెలుసు. అప్పట్లో అందుకే ఆయన్ని అక్కడ జీతమిచ్చి పెట్టుకున్నారు. బయటి నుంచి పెట్టె వస్తే, తగిలించే ముందు ఒక ఫోన్ చేసి, దీన్ని ఏ మెషిన్ మీద శ్రుతి చేశారని అడగడం ఆ పనిలో అలవాటు. ఆయనే ఎంతోమందికి నేర్పిన అలవాటు. ఆ రోజు పదిమంది నిలబడి ఉన్నారు, దర్శకుడు వాచీ చూసుకుంటున్నాడు. మాస్టారు తమ స్టూడియో మనిషే కదా, తమ మెషిన్ కోసమే చేసి ఉంటాడని మీటరాయన అనుకున్నాడు. ఫోన్ చెయ్యలేదు.

ట్యూన్ అలా మోగగానే దర్శకుడు ఆయన వైపు తిరిగి, "వైరింగ్‌లో ఏమైనా తేడా ఉందా?" అని అడిగాడు.

ఆయన వైరింగ్ చూశాడు. మూడుసార్లు చూశాడు. అప్పుడన్న మాట ఈ ఎనిమిది భాగాల్లోనూ వింటూనే ఉన్నారు, ఎవరన్నారో మాత్రం నేను చెప్పలేదు. "వైరింగ్ సరిగ్గానే ఉంది. తేడా మనిషిలోనే."

*

మీటరాయన పెట్టె వైరుని చిన్న కీబోర్డుకి తగిలించాడు. మీట నొక్కాడు. ఎర్ర లైటు మొదటి నాబ్ మీద వెలిగి, రెండో దాని మీదికి, మూడో దాని మీదికి జరుగుతూ పోయింది.

దాని గురించి ఎక్కువ చెప్పను. అపశ్రుతి లేదు. అది మామూలు ట్యూనే. మెట్లెక్కి, పైన ఒక క్షణం ఆగి, ఏదో మర్చిపోయి వెనక్కొచ్చినట్టు దిగుతుంది. పదహారో స్వరం దగ్గర ముగియదు, మళ్ళీ మొదటికొస్తుంది. కింద లాండ్రీలో మెషిన్లు తిరుగుతున్నాయి. ఆయన అలా ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. తుడుచుకుందామని చేతిగుడ్డ కోసం వెతికితే నూనె మరకల గుడ్డే దొరికింది.

అప్పుడు ఆయనకి ఇంకో సంగతి తట్టింది. పెట్టె తిరిగి ఇంటికెళ్ళాక మాస్టారు ఊరుకుని ఉండడు. అన్నీ మానేసే ముందు ఈ చిన్న కీబోర్డుకే తగిలించుకుని విని ఉంటాడు. ఇలాగే, చక్కగా వినపడి ఉంటుంది. ఊళ్ళో అందరికీ తప్పుగా వినపడింది తనకొక్కడికే సరిగ్గా వినపడుతోందంటే, చెవి పోవడమంటే ఇదే కాబోలు అనుకుని ఉంటాడు.

మీటరాయన మీట ఆపేశాడు.

మంగళవారం. మధ్యాహ్నం మూడున్నర. నాలుగింటికి ఆమె వస్తుంది. పదహారు నాబ్‌లు సున్నాకి తిప్పడానికి అర నిమిషం చాలు. కీబోర్డు విప్పి విడిభాగాలు డబ్బాలో పోసెయ్యడానికి పావుగంట. బిల్లు వెనక రాసిన అంకెలు చింపెయ్యడానికి ఆ టైమూ అక్కర్లేదు. ఆ తర్వాత ఆమె ఎప్పటిలాగే ప్రతి మంగళవారం వస్తుంది, రెండో కుర్చీలో కూర్చుంటుంది, ఆయన కప్పు చూసి తిడుతుంది. నిజం చెప్తే ఆ మంగళవారాలు ఉండవు. వారంలో మిగతా ఆరు రోజులు ఆయన ఎలాగోలా గడపగలడు. ఏడో రోజు కూడా అలాంటిదే అయితే ఎలాగో ఆయనకి తెలియదు.

మొదటి నాబ్ మీద వేలు పెట్టాడు. పెట్టి అలాగే ఉన్నాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

*

ఆమెది ఆస్పత్రిలో చెవులు పరీక్ష చేసే ఉద్యోగం. అక్కడ అందరూ రెండుసార్ల మేడం అంటారు. ఎవరొచ్చినా పరీక్ష రెండుసార్లు చేస్తుంది, బయట వరుసలో ఉన్నవాళ్ళు గొణుక్కుంటారు.

"ఈ కప్పు కడిగి ఎన్నాళ్ళైంది బాబాయ్? లోపల గీతలు చూస్తే ఏ రోజు ఎంతవరకు తాగారో చెప్పొచ్చు," అంటూ సంచి కుర్చీ మీద పెట్టింది.

"పోయిన మంగళవారం నువ్వు కడిగావుగా."

"అంటే నేను రాకపోతే అంతేనన్నమాట." కప్పు కడుగుతూ అటు తిరిగే అడిగింది. "చెవులెలా ఉన్నాయి?"

"ఉన్నాయి."

"ఉంటాయి. పోయినసారి చూశాగా, పాతికేళ్ళ కుర్రాడి చెవులు. వినిపించేవాళ్ళే లేరు మీకు." నవ్వి, చెయ్యి తుడుచుకుని పెట్టె వైపు చూసింది. "తిప్పేశారా?"

"లేదు."

"పని ఎక్కువైందా? నేనే తిప్పేస్తాలెండి."

ఆమె నాబ్ మీద చెయ్యి వేయబోయింది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఆమె ఆశ్చర్యంగా చూసింది.

"కూర్చో తల్లీ. ఒకటి వినిపిస్తాను."

"మళ్ళీనా? వద్దు బాబాయ్. ఒకసారి విన్నాను, చాలు. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం కూడా తినలేదు."

"ఇది వేరు. కూర్చో."

ఆయన మీట నొక్కాడు.

ఆమె నిలబడే విన్నది. మొదటి చుట్టు అయిపోయింది. రెండో చుట్టులో సంచి తీసి కింద పెట్టి కుర్చీలో కూర్చుంది. మూడో చుట్టులో తల వంచుకుంది. వింటున్నప్పుడు ఆమె కళ్ళు మూసుకోదు, నేల చూస్తుంది. అది ఉద్యోగం అలవాటు.

"ఇది ఎవరిది?" అంది చివరికి.

"మీ నాన్నదే. ఆ పెట్టెలోదే. ఒక్క నాబ్ కూడా కదపలేదు."

"మరి పోయినసారి?"

ఆయన చెప్పాడు. రెండు రకాల యంత్రాలు, ఒకే ఎత్తు మెట్లు, పెరిగే మెట్లు, ఒకటిన్నర దగ్గర పంచమం. తడబడుతూ, ముందుకీ వెనక్కీ పోతూ చెప్పాడు. బిల్లు వెనక రాసిన అంకెలు చూపించాడు. ఆమె ఆ కాగితం తీసుకుని పైనుంచి కిందకి చదివింది, మళ్ళీ పైనుంచి చదివింది.

"నేను పరీక్ష చేశాను," అంది. "మీకు చెప్పలేదెప్పుడూ. అప్పుడు నేను ట్రైనింగ్‌లో, హాస్టల్లో ఉన్నాను. ఆ గొడవైన నెలకి నాన్నని బతిమాలి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. గ్రాఫ్ గీతలు చూస్తే ఎక్కడా వంక లేదు. మా పెద్ద మేడం చూసి, నువ్వు సరిగ్గా చెయ్యలేదు పో అంది. నాన్న కూడా అదే మాట. మీ మెషిన్ ఏం చెప్తుందమ్మా, పదిమంది విన్నారుగా అన్నారు." ఆమె కాగితం మడిచింది. "అప్పటి నుంచీ ప్రతివాళ్ళకీ రెండుసార్లు చేస్తున్నాను. నా చేతి మీద నాకే నమ్మకం లేక. పద్దెనిమిదేళ్ళు."

"నీ గ్రాఫ్ సరిగ్గానే ఉంది."

"ఇప్పుడు తెలిసింది." కాగితం బల్ల మీద పెట్టింది. "అంత తెలిసినవాళ్ళు స్టూడియోలో ఒక్కరూ లేరా బాబాయ్? మెషిన్ తేడా అని చెప్పడానికి ఒక్కరు. పైగా వైరింగ్ సరిగ్గానే ఉంది, తేడా మనిషిలోనే అన్నారట ఎవడో. నాన్న భోజనం దగ్గర కూర్చుని ఉన్నట్టుండి ఆ మాట అనేవారు. కూరలో ఉప్పు ఎక్కువైతే, తేడా మనిషిలోనేలే అనేవారు. నవ్వుతూనే అనేవారు. వాడెవడో దొరికితే ఒక్కసారి నా చెవుల పరీక్ష బూత్‌లో కూర్చోబెట్టి..."

"నేనే."

ఆమెకి అర్థం కాలేదు. "ఏంటి మీరే?"

"ఆ మాటన్నది నేనే. ఆ రోజు పెట్టె తగిలించింది కూడా నేనే. తగిలించే ముందు మీ ఇంటికి ఫోన్ చేసి, ఏ మెషిన్ మీద శ్రుతి చేశారు మాస్టారూ అని అడగాలి. అది నా పని. అడగలేదు. అడిగుంటే ఇదంతా లేదు."

కింద లాండ్రీలో ఒక మెషిన్ పని ముగించి ఆగింది. గది ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది.

"నాన్న పోయినప్పుడు మీరొచ్చారు," అంది ఆమె. "మూడు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. కుర్చీలు మోశారు."

"మోశాను."

"అప్పుడూ తెలుసా?"

"మాట నాదని తెలుసు. మాట తప్పని ఇవాళే తెలిసింది. తేడా నిజంగానే మనిషిలోనే అనుకున్నాను తల్లీ, అందుకే ఇన్నాళ్ళు మీ మొహాలు చూడగలిగాను."

"ఇందాక వేలు నాబ్ మీద ఉంది. నేనొచ్చేసరికి."

ఆయన దానికి అబద్ధం చెప్పలేదు. "తిప్పేద్దామనుకున్నాను."

"ఎందుకు తిప్పలేదు?"

ఎందుకో ఆయనకీ నిజంగానే తెలియదు. పంచమం అంత చక్కగా ఉందని చెప్పాలనిపించింది గానీ, ఆ మాట ఇప్పుడు ఎలా ఉంటుందో ఆయనకే తెలిసి ఊరుకున్నాడు.

ఆమె లేచి కిటికీ దగ్గరికెళ్ళి ఎదురు గోడ చూస్తూ నిలబడింది. తిరిగొచ్చి మాట్లాడినప్పుడు గొంతు ఆస్పత్రిలో పేషెంట్లతో మాట్లాడే గొంతులా ఉంది. మర్యాదగా, ఏ వరసా లేకుండా. "దాన్ని ఇంకోసారి వేస్తారా? అమ్మకి వినిపించాలి. ఈ మాట అమ్మకి ఇప్పుడే తెలియాలి."

"ఫోన్లోనా? నేను ఇంటికొచ్చి చెప్తాను. వదినగారి కాళ్ళ దగ్గర కూర్చుని చెప్తాను."

"మీరు వేయండి."

ఆమె ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, బల్ల మీద కీబోర్డు పక్కన ఉంచింది. అటువైపు తల్లి గొంతు, కొంచెం ఆయాసంగా. "ఏంటే ఈ టైములో? ఆస్పత్రిలో లేవా?"

"అమ్మా, మాట్లాడకు. ఒకటి విను."

మీటరాయన మీట నొక్కాడు. లైటు ఒక్కో నాబ్ దాటుతూ వెళ్ళింది. పదహారో స్వరం అయ్యాక ఆయన ఆపేశాడు, ఫోన్లో సరిగ్గా వినపడిందో లేదో అని.

ఆపాక కూడా ట్యూన్ ఆగలేదు. ఫోన్లోంచి వస్తోంది. ముసలి గొంతు, సన్నగా, కూనిరాగంలా. పదిహేడో స్వరం, పద్దెనిమిది, పంతొమ్మిది. పెట్టెలో లేనివి. మెట్లు దిగి, పక్కకి తిరిగి, ఎక్కడో ఒకచోట నెమ్మదిగా కూర్చుని, ముగిసింది.

కూతురు ఫోన్ వైపు వంగింది. "అమ్మా. నీకిది వచ్చా?"

"వారం రోజులు ఇంట్లో వాయించారుగా మీ నాన్న. రాకేం?"

"అయితే ఇది సరిగ్గా ఉందని నీకు తెలుసు. నాన్న చెవి బాగుందని నీకు తెలుసు."

అటువైపు నుంచి ఊపిరి వినపడుతోంది.

"ఎవరున్నారు నీ పక్కన?" అంది తల్లి.

"మీటరు బా..." ఆమె ఆగింది. "ఆయనున్నారు."

"వదినగారూ," అన్నాడు మీటరాయన, ఫోన్‌కి రెండు చేతులూ జోడించి, ఆవిడకి కనపడదని తెలిసీ. "తప్పంతా నాదే. ఆ రోజు నేను అడగలేదు. మెషిన్ ఏదని..."

"నువ్వూరుకో," అంది తల్లి. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పద్దెనిమిదేళ్ళుగా తలా ఒకళ్ళం మోస్తున్నాం దీన్ని. నీ వంతు నువ్వు దించావు. ఇక నాది. రెండూ కలిపి పంపమన్నారు మీ నాన్న, వింటున్నావా అమ్మాయ్? పెట్టె ఒక్కటే పంపితే పలకదు, కీబోర్డు కూడా ఇచ్చి పంపు అని జ్వరంలో మూడుసార్లు చెప్పారు. స్టూడియో డ్రైవరు గుమ్మంలో నిలబడ్డాడు. పెట్టె ఇచ్చాను. కీబోర్డు మంచం కిందకి తోసి దుప్పటి కప్పాను. రెండూ వెళ్ళాయని ఆయనతో చెప్పాను."

కూతురు బల్ల అంచు పట్టుకుంది. "మర్చిపోయావా అమ్మా? కంగారులో?"

"మర్చిపోయుంటే," అంది తల్లి, "ఎప్పుడో చెప్పేసేదాన్ని."